పిప్పి పన్నుకి ఇన్సూరెన్స్ ఉంటే జనం డాక్టరు దగ్గరికి వెళ్తారా?

గాజువాక కుర్రాడు:
నాలుగేళ్లుగా ఒక్క క్లెయిమూ లేకుండా హెల్త్ ఇన్సూరెన్స్ కడుతున్నాను. మొన్న కింది దవడ పన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. లవంగం నూనె అయింది, మాత్రలయ్యాయి, చివరికి క్లినిక్కి వెళ్లాను. రూట్ కెనాల్‌కి 4,500, క్యాప్‌కి 6,000. పాలసీ తిరగేస్తే పంటి వైద్యం మినహాయింపుల్లో కనిపించింది. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారట. అంటే లారీ గుద్దితే ఫ్రీ, పుచ్చిపోతే మన జేబు! పన్ను ఒంట్లోది కాదా? ప్రైవేటు పాలసీల్లోనూ సర్కారు కార్డులోనూ పళ్లను చేర్చాల్సిందే అంటాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ప్రీమియం బాబాయ్:
పాతికేళ్లుగా పాలసీలు అమ్ముతున్నాను, కాబట్టి తిట్లు నాకే తగులుతాయి, పర్లేదు. ఇన్సూరెన్స్ అనేది వందమంది డబ్బు కడితే ఇద్దరికి కష్టం వచ్చినప్పుడు పనికొచ్చే ఏర్పాటు. పిప్పి పన్ను ఇద్దరికి కాదు, దాదాపు అందరికీ వస్తుంది. పైగా పళ్ల పాలసీ కొనేది ఎవరు? అప్పటికే సలుపుతున్నవాడు. అందుకే కంపెనీ వెయిటింగ్ పీరియడ్ పెడుతుంది, అంటే కొన్నాళ్లు ఆగాకే క్లెయిము; పరిమితి కూడా పెడుతుంది. ఓపీడీ కవర్ అని, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికి, విడిగా తీసుకుంటే కొన్నింట్లో పళ్లకీ ఇస్తారు. కానీ కట్టేదీ వచ్చేదీ లెక్కేస్తే మన డబ్బు మనకే తిరిగొచ్చినట్టుంటుంది, మధ్యలో కొంత తరుగు పోయి.

డల్లాస్ నుంచి విశాఖ వాసి:
బాబాయ్ చెప్పింది నేను రోజూ చూస్తున్నదే. ఇక్కడ డెంటల్ ప్లాన్ వేరు, మెడికల్ వేరు. నా ప్లాన్‌లో క్లీనింగ్ పూర్తిగా ఫ్రీ, ఫిల్లింగ్‌కి 80 శాతం, క్యాప్‌కి సగం ఇస్తారు. అంతా కలిపి ఏడాదికి 1,500 డాలర్లు దాటిందంటే ఒక్క సెంటు రాదు. ముసలివాళ్లకిచ్చే మెడికేర్‌లో 1965లో చట్టం చేసినప్పుడే పళ్లను బయట పెట్టేశారు. నా రెండు క్యాపులూ డిసెంబరులో ఇంటికొచ్చినప్పుడు ద్వారకానగర్‌లో వేయించుకున్నవే. అలాగని ఇన్సూరెన్స్ దండగ అనను. ఆ ఫ్రీ క్లీనింగ్ లేకపోతే ఆర్నెల్లకోసారి కుర్చీ ఎక్కేవాణ్ణే కాదు.

పరవాడ బి షిఫ్ట్:
మాకు ఈఎస్ఐ ఉంది బాబూ, కార్మికులకిచ్చే సర్కారు ఇన్సూరెన్స్. జీతంలో 0.75 శాతం కోస్తారు, కంపెనీ 3.25 వేస్తాది. జీతం 21 వేలు దాటితే అదీ ఉండదు. పళ్లు కూడా చూస్తారు, అబద్ధం ఎందుకు. కానీ ఏటి లాభం? పొద్దున్నే వెళ్తే లైను, చీటీ, మళ్లీ ఇంకో చోటికి రాసీడం. రూట్ కెనాల్ అంటే మూడు నాలుగు సార్లు రమ్మన్నారు. ఒక్కో తిరుగుడికీ ఒక షిఫ్టు పోతాది. కార్డు మీద ఉచితమే, నాకు మాత్రం నాలుగు రోజుల కూలి. "పీకీయండి సార్" అనీసేను. ఐదు నిమిషాల్లో అయిపోనాది. ఇప్పుడు ఒక పక్కే నమల్తాను.

గాజువాక కుర్రాడు:
అన్నా, అది ఆ డిస్పెన్సరీ తప్పు, ఇన్సూరెన్స్ తప్పు కాదు కదా.

పరవాడ బి షిఫ్ట్:
నా నోట్లో ఖాళీకి ఎవడి తప్పయితే ఏటి తమ్ముడూ.

మధురవాడ డెంటిస్టు:
నాకు చిన్న క్లినిక్ ఉంది, కార్డు వస్తే నాకూ లాభమే. అది దృష్టిలో పెట్టుకునే చదవండి.

నల్ల చుక్కలా ఉన్నప్పుడు వస్తే సిమెంటు పెట్టి 800 తీసుకుంటాను. ఏడాది ఆగితే నరం దాకా పోతుంది, అప్పుడు గాజువాక తమ్ముడికి అయిన ఖర్చు. ఇంకా ఆగితే పీకడం, తర్వాత బ్రిడ్జి. ఇన్సూరెన్స్ మొత్తం ఇరవై నాలుగు గంటలు మంచం మీద పడుకోవడం చుట్టూ కట్టిన వ్యవహారం. నా కుర్చీలో ముప్పావుగంట కూర్చున్నవాడు దాని కంటికి ఆనడు. దవడ విరిగితే ఆనుతాడు, నోటి క్యాన్సరొస్తే ఆనుతాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

మన ఉత్తరాంధ్రలో ఇది మరీ అన్యాయం. అడ్డపొగ సంగతి మీకు తెలిసే ఉంటుంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి ఆరదనీ, బూడిద రాలదనీ, చేతులకి పని అడ్డు రాదనీ చెబుతారు. తాగేది ఎక్కువగా ఆడవాళ్లు. నిప్పు వేడంతా అంగిలికి కొడుతుంది. 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో మన ఆంధ్రా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మచ్చల గురించి రాశారు. చూడ్డానికి కావలసింది టార్చి లైటు, అర నిమిషం. ఆ అర నిమిషానికి ఏ కార్డూ డబ్బివ్వదు. ఆపరేషన్‌కి మాత్రం లక్షలిస్తుంది.

ప్రీమియం బాబాయ్:
డాక్టరుగారూ, మీరు నా మాటే అంటున్నారు. అది ఇన్సూరెన్స్ చేసే పని కాదు. పీహెచ్‌సీలో డెంటిస్టును పెట్టి జీతమిస్తే సరిపోతుంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడ, కడపల్లో ఉన్నాయి. ఇటు వైపు రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ, రెండూ ప్రైవేటువే.

మోడరేటర్:
ఏ ప్రభుత్వం ఏం చేసిందనే రెండు పోస్టులు తీసేశాను. పళ్ల దాకానే ఉంచండి.

డల్లాస్ నుంచి విశాఖ వాసి:
బాబాయ్, ఒక్క విషయంలో మీతో పేచీ. డబ్బు అడ్డు తీస్తే జనం వస్తారు. 1970లలో ఇక్కడ రాండ్ అనే పరిశోధన సంస్థ కొన్ని కుటుంబాలకి వైద్యం పూర్తిగా ఉచితంగా ఇచ్చి, కొన్నింటితో కొంత కట్టించి చూసింది. ఉచితం అన్నవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి ఎక్కువగా వెళ్లారు, మొదటి ఏడాది మరీనూ. ఏళ్ల తరబడి వాయిదా వేసినవన్నీ ఒక్కసారి బయటపడ్డాయన్నమాట. బ్రిటన్‌లోనూ 1948లో ఎన్‌హెచ్‌ఎస్ అనే సర్కారు ఉచిత వైద్యం పెట్టగానే కట్టుడు పళ్లకి ఎగబడ్డారు. 1951కల్లా వాటికి రుసుము పెట్టాల్సొచ్చింది. అవసరం లేక కాదు, అణిగి ఉంది.

మధురవాడ డెంటిస్టు:
ఒప్పుకుంటాను. కానీ పరవాడ అన్నకి ఉచితం ఉన్నా పన్ను పోయింది. కార్డిచ్చి, సాయంత్రం ఏడు తర్వాత తెరిచి ఉండే కుర్చీ ఇవ్వకపోతే పీకడమే మిగులుతుంది. రాండ్ వాళ్లు రోజుకూలీ పోయిందని లెక్కేశారో లేదో కానీ, మన దగ్గర అదే అసలు ఫీజు. కార్డు వస్తే ముందుగా సిమెంటుకీ పరీక్షకీ రావాలి, క్యాప్‌కి తర్వాత చూద్దాం. గాజువాక తమ్ముడికి ఇది నచ్చదేమో.

గాజువాక కుర్రాడు:
నచ్చలేదు అనే రాయబోయాను. రాస్తూ ఆగాను. మా అమ్మది భీమిలి పక్క ఊరు. నా చిన్నప్పటి నుంచీ అడ్డపొగే. నిన్న రాత్రి మీ పోస్టు చదివాక "నోరు తెరువమ్మా" అంటే నవ్వింది, నీకేటి పిచ్చా అని. ఫోన్ లైటు వేసి చూశాను. అంగిలంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, మధ్య మధ్య ఎర్ర చుక్కలు. నొప్పి లేదంటుంది. డాక్టరుగారూ, ఇది ఎక్కడ చూపించాలి?

మధురవాడ డెంటిస్టు:
అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి చాలామందికి అలాగే ఉంటుంది. అన్నీ క్యాన్సర్లు కావు, కంగారు పడకండి. కానీ ఎక్కడైనా పుండు, గడ్డ, ఎర్రటి మచ్చ ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది ఫోన్ లైటుకి తెలియదు. రుషికొండ గీతం కాలేజీలో ఓరల్ మెడిసిన్, అంటే నోటి జబ్బులు చూసే విభాగం అడగండి, పొద్దున్నే వెళ్లండి. చుట్ట మానమని ఈ రాత్రే చెప్పండి.

పరవాడ బి షిఫ్ట్:
తమ్ముడూ, నాకు సోమవారం ఆఫ్. గాజువాక నుంచి అమ్మని బస్సులెక్కించి తిప్పొద్దు. ఆటో నాది ఉంది, ఆరున్నరకి వచ్చీస్తాను.