ఫ్లోరెన్స్‌లో రెండు రోజులు, నాన్నగారికి మోకాళ్ల నొప్పి, ఏం చూడాలి ఏం వదిలేయాలి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మేం మ్యూనిక్‌లో ఉంటాం, అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారు, వచ్చే నెల రోమ్ చూసుకుని రెండు రోజులు ఫ్లోరెన్స్ అనుకుంటున్నాం. నాన్నగారికి 71, మోకాళ్లు బాలేవు కానీ ఆయన ఒప్పుకోరు, రిటైర్డ్ సివిల్ ఇంజినీర్ కదా ఆ పెద్ద చర్చి డోమ్ ఎక్కి తీరాలి అంటున్నారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఉఫీజీ మ్యూజియం, డేవిడ్ విగ్రహం రెండూ చూడాలా ఒకటి చాలా? రోమ్ నుంచి కారు రెంట్‌కి తీసుకుంటే అమ్మావాళ్లకి సుఖంగా ఉంటుందేమో అని కూడా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

బెజవాడ_బాటసారి:
అన్నా ముందు డోమ్ సంగతి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, సగం దూరం రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టే సందులో ఎక్కాలి, వెనక జనం వస్తూనే ఉంటారు, అలిసిపోయి కూర్చుందామంటే కుదరదు. నాకు 34 ఏళ్లు, నాకే పైకెళ్లేసరికి నాలుక బయటికొచ్చింది. వద్దనండి. పక్కనున్న గంట గోపురం తక్కువేమో అనుకోకండి, అది కూడా 414.

కానీ ఇంజినీర్ గారు కాబట్టి ఒకటి చెప్తా, చర్చి (దాన్నే డ్యుయోమో అంటారు) వెనకాలే ఒపెరా డెల్ డ్యుయోమో మ్యూజియం ఉంది, అక్కడ లిఫ్ట్ ఉంది, ఆ డోమ్‌కి సంబంధించిన చెక్క మోడళ్లు, అప్పటి పనిముట్లు పెట్టారు, పై టెర్రస్ మీదకెళ్తే డోమ్ ఎదురుగా కనిపిస్తుంది. అసలు ఆ డోమ్ గొప్పేంటంటే దాదాపు 45 మీటర్ల వెడల్పు, దానికి కింద నుంచి సెంట్రింగ్ కొట్టకుండా బ్రునెల్లెస్కీ అనే ఆయన 1420లో మొదలెట్టి 1436కి పూర్తి చేశాడు, ఇటుకల్ని చేపముల్లు ఆకారంలో పేర్చుకుంటూ పోయాడు, ఒక వరస ఇంకో వరసని పట్టుకుని ఉంటుంది, ఒకటి లోపల ఒకటి బయట రెండు డొప్పలు, మనం ఎక్కే మెట్లు ఆ రెంటి మధ్యే. మీ నాన్నగారికి ఇదంతా కింద కూర్చుని చూస్తేనే ఎక్కువ అర్థమవుతుంది, పైన అయితే ఆయాసం తప్ప ఏం గుర్తుండదు.

చర్చి ఎదురుగా బాప్టిస్టరీ అని జ్ఞానస్నానాల గుడి ఉంటుంది, దానికున్న బంగారు తలుపుల దగ్గర అందరూ ఫోటోలు దిగుతుంటారు, అవి నకళ్లు, ఘిబెర్తీ చేసిన అసలువి ఈ మ్యూజియంలోనే ఉన్నాయి, ఇక్కడ తోపులాట లేకుండా దగ్గర్నుంచి చూడొచ్చు.

అమ్ములు_ఇన్_మిలాన్:
కారు అస్సలు వద్దండీ!! ఊరి మధ్యలో జెడ్‌టీఎల్ అని ఉంటుంది, పర్మిట్ లేని బండి లోపలికెళ్తే కెమెరా పట్టేస్తుంది, పోలీసు ఆపడు కాబట్టి మనకి తెలీనే తెలీదు. మా ఆయన జీపీఎస్‌ని నమ్ముకుని హోటల్ వెతుక్కుంటూ రెండుసార్లు దూరారు, నెలల తర్వాత రెండు ఫైన్లు ఇంటికొచ్చాయి, పైగా మన అడ్రస్ ఇచ్చినందుకు రెంటల్ వాళ్లు విడిగా కోసుకున్నారు. ఆ డబ్బుతో అమ్మకి ఓ ఉంగరం వచ్చేది. రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటన్నర, దిగేది సాంటా మరియా నొవెల్లా, అక్కణ్ణుంచి డ్యుయోమోకి మెల్లగా నడిచినా పది పదిహేను నిమిషాలే.

తిండి గురించి. రిబొల్లీత అని బీన్స్, నల్ల క్యాబేజీ, పాత రొట్టె వేసి ఉడికించేది ఉంటుంది, పప్పా అల్ పొమొదొరో అని టమాటా రొట్టె ముద్ద, రెండూ అమ్మకి నడుస్తాయి, మాంసం నీళ్లు పోశారేమో అడగండి. ఫ్రెష్ పాస్తాలో గుడ్డుంటుంది, మామూలు ఎండు పాస్తా అడగండి. పార్మెజాన్ చీజ్ కూడా దూడ పొట్టలోని రెన్నెట్‌తో చేస్తారు, పట్టింపు ఉంటే చల్లొద్దనండి. అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు, పాడైందనుకుని గొడవపడకండి (మా మామగారు పడ్డారు). రోడ్డు మీద బండ్ల దగ్గర లాంప్రెదొత్తో అని అమ్ముతారు, అది మన బోటి లాంటిదే, అమ్మని అటు తీసుకెళ్లకండి.

కాకినాడ_కాజా:
ఉఫీజీ, అకాడెమియా (డేవిడ్ ఉన్న మ్యూజియం) రెండూ ఒకే రోజు పెట్టారంటే నాన్నగారి మోకాళ్లు అయిపోయినట్టే. ఒకటే అంటే నా ఓటు డేవిడ్‌కి, చిన్న మ్యూజియం, ఐదు మీటర్ల పైనే ఉన్న విగ్రహం చుట్టూ తిరిగి గంటలో బయటపడొచ్చు. సిన్యోరియా చౌరస్తాలో నిలబెట్టింది నకలు, అసలుని 1873లోనే లోపలికి మార్చేశారు. ఉఫీజీలో బొత్తిచెల్లి అనే ఆయన వేసిన వీనస్ బొమ్మ గొప్పదే, కాదనను, కానీ అక్కడికి చేరేలోపు వంద మేరీమాతలు దాటాలి. రెండూ సోమవారం సెలవు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి.

సాయంత్రం 12 గానీ 13 గానీ నంబర్ బస్సెక్కి గుట్ట మీదున్న పియజ్జాలె మికెలాంజెలో అనే చౌరస్తాకి వెళ్లండి, నడవక్కర్లేదు, ఊరంతా కాళ్ల కింద. పొంతె వెక్కియో వంతెన మీద మొత్తం బంగారం కొట్లే, ఒకప్పుడు మాంసం కొట్లుండేవట, కంపు భరించలేక 1593లో అప్పటి డ్యూక్ వాళ్లని ఖాళీ చేయించి కంసాలులకిచ్చాడు. చాలావరకు 18 క్యారెట్, మన అమ్మలు చూసి పెదవి విరుస్తారు లెండి.

రాజమండ్రి వాళ్లు కదా, ఇంకోటి. ఆర్నో నది 1966 నవంబర్ 4న ఊరి మీద పడింది, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో సాంటా క్రోచె వైపు గోడల మీద గుర్తులు పెట్టారు, కొన్ని మన తలకన్నా పైనే. 86 గోదారి వరద చూసిన మనిషిని అక్కడ నిలబెడితే ఎంతసేపైనా మాట్లాడతారు. ఖాళీ ఉంటే ట్రామ్‌లో కాషీనె పార్కుకి వెళ్లండి, కొల్హాపూర్ మహారాజు రాజారామ్ 1870లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ ఈ ఊళ్లోనే పోయాడు, కుర్రాడు పాపం, రెండు నదులు కలిసేచోట మన పద్ధతిలో దహనం చేశారు, అక్కడ ఛత్రి కింద ఆయన విగ్రహం ఉంది, పక్కనున్న బ్రిడ్జి పేరు కూడా ఇండియానోనే. టూరిస్టులు పెద్దగా రారు.

గోదారి_గట్టు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కారు క్యాన్సిల్. ఇదంతా నాన్నగారికి చదివి వినిపించా, సెంట్రింగ్ లేకుండా ఎలా నిలబెట్టాడ్రా అని పొద్దున్నుంచి పేపర్ అంచుల మీద బొమ్మలేస్తున్నారు, మెట్ల ఊసు ఇంతవరకు ఎత్తలేదు. ఒక్కటే చిక్కు, మా రెండు రోజుల్లో ఒకటి సోమవారం పడింది, హోటల్ వాళ్లు డేట్ మారుస్తారేమో ఇవాళే ఫోన్ చేస్తా.