పద్నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు: మూడోది కొనాలా, మీటర్ పెట్టి చూడాలా?

లాసన్స్‌బే 150:
అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి, బీఎస్ 6, ఫ్యూయల్ ఇంజెక్షన్. కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. పోయిన ఏడాది బ్యాటరీ మార్పించాను. ఎనిమిది నెలలకే అది డౌన్ అయితే షాపువాళ్లు వారంటీ కింద ఇంకోటి ఇచ్చారు. ఇప్పుడు అది కూడా పొద్దున్నే టక్ టక్ అంటోంది. మీటర్ బోర్డు ఆరిపోయి వెలుగుతోంది, ఇంజిన్ తిరగడం లేదు. మొన్న పొద్దున షిఫ్ట్‌కి బయలుదేరితే పక్కింటాయన, నేను చెమటలు కక్కేలా నెట్టినా రాలేదు. రోజూ స్టీల్‌ప్లాంట్ దాకా వెళ్లొస్తాను. బండి రాత్రంతా ఆరుబయటే, ఇంటి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఈసారి మంచి కంపెనీ బ్యాటరీ కొనేయమని ఒకరు, వైరింగ్ చూపించమని ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

గాజువాక వర్క్‌షాప్:
బ్రదర్, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా మాట వినండి. వారంటీలో ఇచ్చిన బ్యాటరీ షాపులో ఎన్ని నెలలు ఛార్జింగ్ లేకుండా కూర్చుందో ఎవరికీ తెలియదు. అది ఒకటికి నాలుగుసార్లు పూర్తిగా దిగిపోతే లోపల ప్లేట్లకు సల్ఫేట్ పడుతుంది, ఇక నిండదు. డబ్బులు పోతే పోయాయి, తయారీ నెల చూసి కొత్తది వేయించుకోండి. షిఫ్ట్‌కి వెళ్లాల్సిన మనిషి బండి విప్పుకుని కూర్చుంటే ఎలా? ఇంకోమాట. ఇంజెక్షన్ బండిలో యూట్యూబ్ చూసి మీటర్ పిన్నులు గుచ్చకండి. అలా పాడుచేసుకుని మా దగ్గరికి తెచ్చిన బండ్లు చాలా చూశాను.

కంచరపాలెం పాత బండి:
అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ విషయంలో ఒప్పుకోలేను. బ్యాటరీ చచ్చి ఉండొచ్చు. కానీ దాన్ని చంపింది ఏమిటో తెలియకుండా మూడోది కొంటే ఇంకో ఎనిమిది నెలలకు ఆయన మళ్లీ ఇక్కడికే వస్తారు.

లాసన్స్‌బే నుంచి స్టీల్‌ప్లాంట్ అంటే దగ్గరేం కాదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి వీధిలో కూరగాయలకు తిరిగే బండికి ఛార్జింగ్ చాలకపోవచ్చు. రోజూ హైవే మీద అంతసేపు నడిచే బండికి మాత్రం చాలి తీరాలి. నిండడం లేదంటే కరెంటు తయారవడం లేదు, లేదా తయారైంది బ్యాటరీ దాకా చేరడం లేదు, లేదా రాత్రిపూట ఎవరో తాగేస్తున్నారు. ఈ మూడూ తేలడానికి మామూలు మల్టీమీటర్, అరగంట ఓపిక చాలు.

పొద్దున్నే తాళం తిప్పకముందు బ్యాటరీ మీద 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దగ్గరే ఆగిపోతే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ (ఇంజిన్ కాయిల్‌లో తయారయ్యే కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే రెగ్యులేటర్ రెక్టిఫయర్) పోయినట్టే, దానికి ఎంత ఖరీదైన బ్యాటరీ వేసినా ఉడికిపోతుంది.

చాలామంది ఇక్కడే ఆపేసి ఆర్ఆర్ యూనిట్ మార్చేస్తారు. దయచేసి ఆపకండి. బండి అదే స్పీడులో ఉండగా మీటరు ఒక ప్రోబ్ ఆర్ఆర్ యూనిట్ ప్లస్ వైరు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా రావాలి. 0.3 దాటిందంటే మధ్యలో ఏదో కప్లర్ (రెండు వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్) ఆ కరెంటును వేడి చేసి పారేస్తోంది. మైనస్ వైపు కూడా అలాగే, యూనిట్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడాలి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా బండి రోడ్డు పక్కన పడిపోయి రెండు రోజులు అలాగే తడిసింది. నాలుగు నెలల తర్వాత హారన్ గొంతు పోయింది, తర్వాత సెల్ఫ్ పోయింది. ఒక షాపులో బ్యాటరీ మార్చారు, ఆర్ఆర్ యూనిట్ మార్చారు, చివరికి ఇంజిన్ కవర్ విప్పి కాయిల్ ప్లేట్ కూడా మార్చారు. నెల జీతంలో సగం అక్కడే పెట్టాను. ఆఖరికి నేనే ట్యాంక్ పైకెత్తి చూస్తే ఫ్రేమ్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కనిపించింది. పైన మామూలుగానే ఉంది. విప్పి రింగ్ టెర్మినల్ తిప్పి చూస్తే వెనకంతా పచ్చటి చిలుము, పూజ గదిలో తోమని రాగి చెంబులా. ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగించాను. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది.

మన విశాఖలో గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది కాబట్టి వాన లేని నెలల్లో కూడా కప్లర్ల లోపల చెమ్మ చేరుతుంది. వేరే ఊళ్లో బ్యాటరీని అనుమానించాల్సిన చోట ఇక్కడ ముందు జాయింట్లను అనుమానించాలి. నా నమ్మకం అదే.

గాజువాక వర్క్‌షాప్:
ఎర్త్ సంగతి కాదనను, సింధియా, మల్కాపురం వైపు బండ్లకు మేమూ చూస్తుంటాం. కానీ ప్రోబ్‌ను కప్లర్ ముందు నుంచి గుచ్చితే ఆడ పిన్ను వదులైపోతుంది, ఆ రోజు బాగానే ఉంటుంది, నెల తర్వాత లూజ్ కాంటాక్ట్ మొదలవుతుంది. వైరు మీద తొడుగుకు చిల్లు పెడితే ఆ చిల్లులోంచే ఉప్పు దిగుతుంది. మీరు రాసింది చదివి పదిమంది ఇదే చేస్తారని నా భయం.

కంచరపాలెం పాత బండి:
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేనే ముందు రాయాల్సింది. కప్లర్ ఊడదీయకుండా వైర్లు దిగే వెనక వైపు నుంచి సన్నగా ఆనించాలి, గుచ్చకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, పెట్టేటప్పుడు అది చివర. ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్‌ది వేయాలి, 15 బదులు 30 వేస్తే ఫ్యూజ్ బదులు వైరింగ్ కాలుతుంది.

లాసన్స్‌బే గారూ, మొబైల్ ఛార్జర్, ఫాగ్ ల్యాంపులు లాంటివి బయట పెట్టించారా? అయితే తాళం తీసేసి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. వందల్లో ఉంటే దొంగ అక్కడే. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం నొక్కొద్దు, మీటరు ఫ్యూజ్ పోతుంది.

లాసన్స్‌బే 150:
ఆదివారం కూర్చున్నాను. ముందు బ్యాటరీని బయటి ఛార్జర్‌తో నింపి స్టార్ట్ చేశాను. ఐదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర బ్యాటరీ మీద 13.0. ఆర్ఆర్ యూనిట్ దగ్గర 14.1! రాత్రి లీకేజీ ఏమీ లేదు. సీటు కింద ఆర్ఆర్ కప్లర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఆపి, చల్లారాక విప్పితే ప్లస్ పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కాస్త కరిగి ఉంది.

గాజువాక వర్క్‌షాప్:
అయితే అదే. ఆ కప్లర్‌ను రుద్ది మళ్లీ వాడొద్దు, వేడెక్కిన పిన్నుకు బిగువు రాదు. కొత్త కప్లర్, కొత్త పిన్నులు క్రింప్ చేయించండి (వైరుకు నొక్కి బిగించడం). డైఎలక్ట్రిక్ గ్రీజు (జాయింట్లలోకి చెమ్మ చేరనివ్వని గ్రీజు) ఉంటే కొంచెం పూసి మూయండి. ఇకమీదట వాటర్ వాష్‌లో ప్రెషర్ గన్ సీటు కిందకీ హెడ్‌లైట్ వెనక్కీ కొట్టొద్దని చెప్పండి, బీచ్ రోడ్డు నుంచి వచ్చినప్పుడు మామూలు నీళ్లతో కడిగితే చాలు. బ్యాటరీ మాత్రం నిలబడదనే ఇప్పటికీ అంటాను.

లాసన్స్‌బే 150:
కప్లర్ మార్పించాను. ఇప్పుడు బ్యాటరీ మీద 14.0. ఒక రాత్రి వదిలేసి పొద్దున్న చూస్తే 12.5. నాలుగు రోజులుగా సెల్ఫ్ ఒక్క నొక్కుకే వస్తోంది. బ్యాటరీ వర్షాకాలం దాటుతుందో లేదో చూసి ఇక్కడే రాస్తాను.

మద్దిలపాలెం స్కూటీ:
అన్నయ్యలూ, నా స్కూటీ కూడా సరిగ్గా ఇలాగే చేస్తోంది, రేపు బ్యాటరీ కొందామనుకున్నాను. నా దగ్గర మీటర్ లేదు. పూర్ణా మార్కెట్ వైపు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మామూలు మీటర్ సరిపోతుందా, లేక వేరే రకం కావాలా?