నడుము కింద నొప్పి తిరగబెడుతుంటే అలిపిరి మెట్లు ఎక్కొచ్చా?

కొర్లగుంట కోడలు:
రెండో కాన్పు నుంచి నాలుగేళ్లుగా నడుము కింద కుడివైపు నొప్పి. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. శాక్రోఇలియాక్ జాయింట్ అన్నారు డాక్టరు గారు. అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాను. ఇంట్లో వాళ్లేమో మంచం దిగొద్దంటున్నారు.

చంద్రగిరి అన్న:
మెట్ల జోలికి పోవద్దమ్మా. జాయింట్ తప్పుకొని ఉంటుంది. ఒక నెల పడుకో, బెల్టు వేసుకో. పుత్తూరు పోయి కట్టు కట్టించుకో. మా నాయన చెయ్యి అక్కడే అతుక్కుంది.

బైరాగిపట్టెడ అక్క:
అన్నా, మీ నాయనకు విరిగిన ఎముకకు కట్టు కట్టారు. ఈ చెల్లెలికి ఏ ఎముకా విరగలేదు. వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకతో కలిసే చోటు ఇది. గట్టి లిగమెంట్లు బిగించి పట్టుకుంటాయి, కదలిక కొన్ని మిల్లీమీటర్లకు మించదు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల అవి కొంత వదులవుతాయి, అందుకే చాలామందికి అప్పుడే మొదలవుతుంది. అంతేగానీ పక్కకు జారిపోయే కీలు కాదు. 'తప్పింది' అన్న మాట వింటేనే మనిషి భయంతో బిగుసుకుపోతుంది.

నాకూ అదే జరిగింది. మొదటిసారి పట్టేసినప్పుడు మూడు వారాలు మంచం మీదే ఉన్నాను. లేచేసరికి బాత్రూమ్ గడప దాటడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. రాత్రి పక్కకు తిరగాలంటే మోకాళ్లు రెండూ కలిపి మడిచి, మంచం పట్టె పట్టుకొని ఒళ్లంతా ఒకేసారి తిప్పేదాన్ని. నొప్పి ఎక్కడంటే ఒక్క వేలితో చూపించగలను, నడుము సొట్టకు కాస్త దిగువన. నన్ను నిలబెట్టింది పిరుదుల కండరాలకు ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామమే. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, తుంటి పైకి లేపడం. మొదట్లో అయిదుసార్లకే చెమటలు పట్టేవి.

బెల్టు మాట సరే, నొప్పి ముదిరిన రోజుల్లో ఊరటనిస్తుంది.

ఇక మెట్లు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మెట్టు ఎక్కేటప్పుడు బరువంతా ఒంటికాలి మీద పడుతుంది, ఈ జాయింటుకు కష్టం అదే. చెల్లీ, ఇప్పుడే వద్దు. ముందు చదునులో అరగంట నడక, తర్వాత మేడ మెట్లు. మర్నాటికి నొప్పి పెరగకపోతేనే ఇంకాస్త. శ్రీవారి మెట్టు దూరం తక్కువని అటు పోవద్దు, అది నిటారు. దిగడం మాత్రం బస్సులోనే.

కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి పో.

చంద్రగిరి అన్న:
కట్టు మాట వదిలేస్తా. కానీ పైన నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర పట్టేస్తే? ఇద్దరు పిల్లల తల్లిని ఎవరు మోస్తారు?

బైరాగిపట్టెడ అక్క:
ఆ భయం న్యాయమే అన్నా. అందుకే ముందొకసారి దారి మధ్యలో వచ్చే గాలిగోపురం దాకా చాలు, తోడుతోనే.

కొర్లగుంట కోడలు:
కార్తీకం దాకా ఆగుతానక్కా. ఈ సాయంత్రం మా వీధిలో పదిహేను నిమిషాలు నడిచాను.