చీటీ మీద కొజిరెవ్‌స్కైట్ అని ఉంది, నాకు ఎరిక్‌లాక్స్‌మనైట్ ఏమోనని అనుమానం. తేల్చుకునేది ఎలా?

అడిగినవారు: రాళ్లపెట్టె, కాకినాడ

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆరేళ్లుగా ఖనిజాలు పోగుచేస్తున్నాను. పెద్ద రాళ్లు పెట్టుకునే చోటు ఇంట్లో లేదు, అందుకని అగ్గిపెట్టెలో పట్టేవే కొంటాను. స్టీరియో మైక్రోస్కోపు పాతదే గానీ 40 రెట్లు చక్కగా చూపిస్తుంది.

పోయిన నెల విదేశీ అమ్మకందారు ఒకరి దగ్గర ఒక ముక్క తెప్పించుకున్నాను. చీటీ మీద ఇలా ఉంది: కొజిరెవ్‌స్కైట్, అర్సెనాత్నయ ఫ్యూమరోల్, టోల్బచిక్ అగ్నిపర్వతం, కమ్చత్కా. (ఫ్యూమరోల్ అంటే అగ్నిపర్వతపు వేడి వాయువులు బయటికొచ్చే రంధ్రం, కమ్చత్కా రష్యా తూర్పు కొసన ఉంది.) ఈ ఖనిజం కోసం రెండేళ్లు ఎదురుచూశాను. కారణం దాని ఫార్ములా. నాలుగు రాగి, ఒక ఆక్సిజన్, రెండు ఆర్సెనేట్. సరిగ్గా ఇదే ఫార్ములాతో అక్కడే ఇంకో ఖనిజం కూడా ఉంది, ఎరిక్‌లాక్స్‌మనైట్. రెండింటినీ ఒకేసారి 2014లో ఒకే వ్యాసంలో ప్రకటించారు. వజ్రం, గ్రాఫైట్ ఉదాహరణ ఏటా బోర్డు మీద రాస్తాను కదా, అలాంటి జంట రాగి ఆర్సెనేట్లలో ఉందని తెలిసినప్పటి నుంచి ఒక్కటైనా కళ్లతో చూడాలని కోరిక.

ముక్క వచ్చింది, చూశాను. నల్లటి బసాల్టు సిండరు (అగ్నిపర్వతం చిమ్మిన రంధ్రాల రాయి) మీద పలుచటి పలకలాంటి స్ఫటికం, పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు, ముదురు ఆకుపచ్చ. చదివిన వర్ణనలో కొజిరెవ్‌స్కైట్ గడ్డిపచ్చ నుంచి పసుపు కలిసిన లేత ఆకుపచ్చ దాకా ఉంటుందని, ఎరిక్‌లాక్స్‌మనైట్ ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా ఉంటుందని ఉంది. నా దాని రంగు రెండో దానికే దగ్గరగా ఉంది. అమ్మకందారును అడిగితే "రంగు మారుతూ ఉంటుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

గట్టిదనం చూద్దామంటే రెండూ మోస్ స్కేలు మీద మూడున్నరే. పైగా గీసి చూస్తే ఉన్నదీ పోతుంది. రెండింటికీ గాజు మెరుపే, రెండూ పారదర్శకమే, రెండూ పెళుసే. మరి ఇంట్లోనో మా కాలేజీలోనో తేల్చే దారి ఏదైనా ఉందా? ఇంకొకటి, ఇందులో ఉన్నది ఆర్సెనిక్. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, మైక్రోస్కోపు దగ్గరికి వస్తూనే ఉంటాడు. జాగ్రత్తలు కూడా చెప్పండి.

జవాబు: స్ఫటికశాల, హైదరాబాద్

రాళ్లపెట్టె గారూ, పదకొండేళ్లు ఎక్స్‌ఆర్‌డీ యంత్రం (ఎక్స్‌ కిరణాలతో స్ఫటికం లోపలి అమరికను చూసేది) దగ్గర పనిచేశాను. ముందే చెబుతున్నా, రంగు చూసి ఏమీ తేల్చకండి. రెండింటిలోనూ ఆకుపచ్చకు కారణం ఒకటే, రెండు ప్లస్ ఆవేశం ఉన్న రాగి. దాని చుట్టూ ఆక్సిజన్లు ఎలా కూర్చున్నాయన్న దాన్ని బట్టి ఛాయ మారుతుంది. స్ఫటికం మందంగా ఉన్నా ముదురుగా కనిపిస్తుంది. అదే స్ఫటికాన్ని పలుచగా చేస్తే లేతగా కనిపిస్తుంది.

అయితే మీరు రాసినవాటిలో రంగు కన్నా గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. 4 మిల్లీమీటర్లు! మీరు చెప్పిన ఆ 2014 వర్ణన ప్రకారం కొజిరెవ్‌స్కైట్ పట్టక స్ఫటికాల పొడవు 0.3 మిల్లీమీటర్లకు మించలేదు. ఎరిక్‌లాక్స్‌మనైట్ స్ఫటికాలు ఇంకా చిన్నవి, 0.1 దాకానే. అంటే మీరు చూస్తున్న పలక ఈ రెండింటిలో దేని ఒంటి స్ఫటికమూ అయ్యే అవకాశం తక్కువ.

మరి ఏమై ఉంటుంది? అర్సెనాత్నయలో ఉరుసోవైట్ అని ఇంకో ఆర్సెనేట్ ఉంది, అందులో రాగితో పాటు అల్యూమినియం ఉంటుంది. దాని స్ఫటికాలు పెద్దవి. ఆ ఉరుసోవైట్ మారిపోయి, బయటి ఆకారం మాత్రం అలాగే ఉండి, లోపలంతా ఎరిక్‌లాక్స్‌మనైట్ రేణువులు నిండిన నమూనాలు దొరికాయి, ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా. కాబట్టి మీ పలకను పక్క నుంచి వెలుతురు వేసి మళ్లీ చూడండి. ముఖం అద్దంలా నున్నగా ఉంటే అది ఉరుసోవైటే కావచ్చు. పంచదార గడ్డలా రేణువులు రేణువులుగా మెరిస్తే మారిపోయిన రూపం.

ఇక ఒకే ఫార్ములాకు రెండు ఖనిజాలు ఎలాగన్నది మీరు పిల్లలకు చెప్పుకోవచ్చు. ఆ ఫార్ములాలో తొమ్మిది ఆక్సిజన్లు ఉన్నాయి. ఎనిమిది ఆర్సెనేట్లవి. మిగిలిన ఒక్కటి ఏ ఆర్సెనిక్‌కీ చెందదు, నాలుగు రాగి పరమాణువుల మధ్య ఉంటుంది. లెక్క కూడా సరిపోతుంది: నాలుగు రాగులకు ఎనిమిది ధనావేశం, రెండు ఆర్సెనేట్లకు ఆరు రుణావేశం, ఆ ఒక్క ఆక్సిజన్‌కు రెండు. తేడా అంతా రాగి చుట్టూ ఏర్పడే గూళ్లు ఒకదానికొకటి అతుక్కునే తీరులో ఉంది. ఎరిక్‌లాక్స్‌మనైట్‌లో అవి అంచులూ మూలలూ పంచుకుంటూ మూడు దిక్కులకూ అల్లుకుంటాయి, మధ్య మధ్య తెగిన చట్రంలాగా. కొజిరెవ్‌స్కైట్‌లో రిబ్బన్లలా సాగుతాయి. వాటిని ఆర్సెనేట్లు కలిపి పట్టుకుంటాయి. అందుకే మొదటిది ట్రైక్లినిక్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న పెట్టె కోణాలు ఏవీ 90 డిగ్రీలు కావు), రెండోది ఆర్థోరాంబిక్ (మూడు కోణాలూ 90). ఒక ఫార్ములాకు పట్టే చోటు లెక్కేస్తే మొదటిదానికి సుమారు 180.6 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండోదానికి 182.5. ఒక్క శాతం తేడా. సాంద్రత తూచి పట్టుకుందామంటే కుదరదు. మీ దగ్గర ఉండే రేణువు బరువు మిల్లీగ్రాములో అతి చిన్న వంతు, అంతే.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తగిలించే, ఏ మూలకం ఎంత ఉందో చెప్పే ఈడీఎస్‌తో కూడా ఈ జంటను విడదీయలేం. రెండింటిలోనూ రాగి, ఆర్సెనిక్ నిష్పత్తి రెండుకు ఒకటే వస్తుంది. కానీ చుట్టాలను, అంటే వేరే రాగి ఆర్సెనేట్లను, పక్కకు తప్పించడానికి పనికొస్తుంది. లామరైట్‌లో ఒకటిన్నరకు ఒకటి, పొపొవైట్‌లో రెండున్నరకు ఒకటి. అల్యూమినియం కనిపిస్తే ఉరుసోవైట్. చివరి మాట మాత్రం ఎక్స్‌ఆర్‌డీదే.

జవాబు: ఉప్పుగాలి, భీమిలి

ఖనిజం పేరు సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు, నేను నిలవ గురించి చెబుతాను. సముద్రం పక్కన ఉండి రెండు టోల్బచిక్ ముక్కలు పోగొట్టుకున్నవాడిని.

అక్కడి ఖనిజాలు నీళ్లు లేని చోట పుట్టాయి. మన పల్నాడులోని అగ్నిగుండాల వైపు రాగి రాళ్ల మీద కనిపించే ఆకుపచ్చ మరక వానకూ గాలికీ ఖనిజం తడిసి ఏర్పడేది. టోల్బచిక్‌లో అలా కాదు. 1975 జూలైలో మొదలై 1976 డిసెంబరు దాకా సాగిన పెద్ద పగులు విస్ఫోటనంలో లేచిన సిండరు దిబ్బల్లో రెండోదాని మీద ఉంది ఈ అర్సెనాత్నయ. 2012లో శాస్త్రవేత్తలు దాన్ని కనుక్కునేసరికి, అన్నేళ్ల తర్వాత కూడా లోపల మూడు వందల డిగ్రీలు దాటిన వేడి. ఆ గాలిలో ఆక్సిజన్ దండిగా ఉంటుంది కాబట్టి ఆర్సెనిక్ సల్ఫైడుగా కాకుండా ఆర్సెనేట్‌గా పేరుకుంటుంది. అంత వేడిలో తడి ఎక్కడ నిలుస్తుంది?

మీరు కెమిస్ట్రీ మేడమ్ కాబట్టి మైలుతుత్తం సంగతి నేను చెప్పనక్కర్లేదు. వేడి చేస్తే తెల్లబడుతుంది, నీటిచుక్క పడితే మళ్లీ నీలం. ఆ తెల్లటి నిర్జల రూపమే టోల్బచిక్‌లో చాల్కోసయనైట్ పేరుతో ఖనిజంగా దొరుకుతుంది. నా మొదటి ముక్క అదే. ఒక్క వానాకాలంలో నీలం పొడి అయిపోయింది, చాలా బాధపడ్డాను. మీ ఆర్సెనేట్ అంత తొందరగా పాడవదు గానీ, దాని పక్కన పొటాషియం, సోడియం సల్ఫేట్లు ఉండటం అక్కడ మామూలే. అవి చెమ్మ పీల్చి కరిగితే వాటి మీద కూర్చున్న స్ఫటికం ఊడి వస్తుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బీ, అందులో సిలికా జెల్ పొట్లం, నెలనెలా పొట్లం మార్చడం. కాకినాడలో ఇది తప్పదు.

విషం సంగతి: లెక్క కడితే ఇందులో బరువులో సుమారు 27 శాతం ఆర్సెనిక్, 46 శాతం రాగి. ముక్క చిన్నదే అయినా పాషాణం పాషాణమే. ఊదకండి, బ్రష్‌తో దుమ్ము లేపకండి, నీళ్లతో కడగకండి. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బాబును చూడనివ్వండి, డబ్బీ మూత మాత్రం మీరే తియ్యండి. ఇంకో మాట, కాలేజీ ల్యాబ్‌లో యాసిడ్, జింకు వేసి పరీక్ష చేద్దామని పొరపాటున కూడా అనుకోవద్దు. ఆర్సీన్ గ్యాస్ వస్తుంది, అది ప్రాణాంతకం.

రాళ్లపెట్టె:

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి పది గంటలకు లైటు పక్కకు వంచి మళ్లీ చూశాను. స్ఫటికశాల గారు చెప్పిందే నిజం! పలక ముఖం నున్నగా లేదు. సన్నటి రేణువులు, ఒక్కొక్కటి ఒక్కో వైపు మెరుస్తోంది. నెల రోజులుగా దాన్నే ఒంటి స్ఫటికం అనుకుని చూస్తున్నాను.

ఇంకోటి కూడా కనిపించింది. పలక అడుగున సిండరు గుంటలో వేరే రంగు, చిలకపచ్చ. పొడుగాటి పట్టకాలు నాలుగైదు ఒక గుత్తిగా ఉన్నాయి, స్కేలు పెట్టి చూస్తే 0.2 మిల్లీమీటర్లు. మా వాడు ముందు పట్టుకున్నాడు, "అమ్మా, కింద లేత రంగువి ఉన్నాయి" అని. అవి కొజిరెవ్‌స్కైట్ అయితే చీటీ అబద్ధం కాదు, సగమే చెప్పింది. రెండూ ఒకే రాయి మీద ఉండవచ్చా?

ల్యాబ్ పరీక్ష ఆలోచన నాకు నిజంగానే వచ్చింది. మానేశాను. డబ్బీకి సిలికా జెల్ పెట్టాను.

జవాబు: నల్లరాయి, తిరుపతి

అమ్మా, రెండూ ఒకే రాయి మీద ఉండవచ్చు. మొదటి వర్ణనలోనే ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసి దొరికాయని, వాటితో పాటు ఉరుసోవైట్, లామరైట్, టెనొరైట్, హెమటైట్ ఉన్నాయని రాశారు. అలాంటి ముక్క మీకు దొరికిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

ఎక్స్‌ఆర్‌డీకి పంపే ముందు ఒక పని చెయ్యవచ్చు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు పోలరైజింగ్ మైక్రోస్కోపు నేర్పాను కాబట్టి చెబుతున్నాను. దగ్గరలో జియాలజీ ఉన్న డిగ్రీ కాలేజీ ఏదైనా ఉంటే అక్కడ దొరుకుతుంది. ఆ గుంటలో ఊడి పడి ఉన్న పట్టకం ఏదైనా ఉందేమో చూడండి, అంటుకుని ఉన్నదాన్ని పెకలించకండి. దాన్ని గాజు పలక మీద పడుకోబెట్టి, రెండు పోలరాయిడ్లు అడ్డంగా పెట్టి బల్లను తిప్పండి. ఆర్థోరాంబిక్ పట్టకమైతే దాని పొడవు కంటి కటకంలోని అడ్డగీతకో నిలువుగీతకో సరిగ్గా సమానంగా వచ్చినప్పుడు చీకటి అవుతుంది. ట్రైక్లినిక్ అయితే మామూలుగా ఏదో ఒక వాలులో చీకటి పడుతుంది. ఒక్క రేణువును చూసి తీర్పు చెప్పకూడదు. ట్రైక్లినిక్ రేణువు కూడా ఒక్కోసారి పడుకున్న తీరును బట్టి గీతకు సమానంగానే చీకటి పడినట్టు మోసం చేస్తుంది. కనీసం మూడు నాలుగు చూడాలి, దొరికిన ఒక్కదాన్నే అటూ ఇటూ దొర్లించి చూసినా సరే. వక్రీభవన గుణకం నూనెలతో ప్రయత్నించకండి. రెండింటికీ 1.9 దరిదాపుల్లో ఉంటుంది, మామూలు నూనెలు అంత దూరం రావు.

పేర్ల గురించి మీ అబ్బాయికి చెప్పండి. లాక్స్‌మన్ అంటే మన లక్ష్మణ్ కాదు. ఎరిక్ లాక్స్‌మన్ 1737లో ఫిన్లాండ్‌లో పుట్టిన మతాచార్యుడు, సైబీరియా అంతా తిరిగి రాళ్లూ మొక్కలూ పోగుచేశాడు. ఆయన కొడుకు ఆడమ్ 1792లో రష్యా తరఫున జపాన్ వెళ్లాడు. కొజిరెవ్‌స్కీ ఇంకా ముందువాడు, కమ్చత్కాను తొలినాళ్లలో చూసి పటం గీసినవాళ్లలో ఒకడు. ఒకే ఫార్ములాను పంచుకున్న ఇద్దరు బాటసారులు!

రాళ్లపెట్టె:

మాస్టారూ, వైజాగ్‌లో నా స్నేహితురాలు జియాలజీ చెబుతుంది, ఈ ఆదివారం వెళ్తున్నాను. గుంటలో విడిగా పడి ఉన్న పట్టకం ఒకటి ఉంది, వెంట్రుక మొనతో ఎత్తి గాజు పలక మీద పెట్టాను, మూత వేశాను. ముదురు పలక నుంచి రాలిన రెండు రేణువులు వేరే గాజు పలక మీద ఉన్నాయి.

చీటీ తీసెయ్యలేదు. దాని వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను: "గుంటలో లేత పట్టకాలు, కొజిరెవ్‌స్కైట్? పైన ముదురు పలక, ఉరుసోవైట్ ఆకారంలో ఎరిక్‌లాక్స్‌మనైట్? ఎక్స్‌ఆర్‌డీ చెయ్యాలి." స్ఫటికశాల గారూ, ఇంత చిన్న రేణువుకు పౌడర్ పద్ధతి సరిపోతుందా, ఒంటి స్ఫటికం యంత్రమే కావాలా?

స్ఫటికశాల:

పట్టకానికి ఒంటి స్ఫటికం యంత్రమే మంచిది. 0.2 మిల్లీమీటర్లు దానికి సరిపోతుంది, పైగా రేణువు చెక్కుచెదరకుండా మీ దగ్గరికి తిరిగి వస్తుంది. యూనిట్ సెల్ (పదేపదే వచ్చే ఆ చిన్న పెట్టె) కొలతలు వస్తే చాలు, పూర్తి నిర్మాణం అక్కర్లేదు. మూడు కోణాలూ 90 అయితే కొజిరెవ్‌స్కైట్. 98, 112, 98 దగ్గర వస్తే ఎరిక్‌లాక్స్‌మనైట్. ఆదివారం చూసిన చీకటి కోణాలు ఇక్కడ రాయండి, ఎవరిని అడగాలో అప్పుడు చూద్దాం.