ప్రాక్సిస్‌కు చదివేటప్పుడు మన తెలుగు కేసులను పక్కన పెట్టాలా?

మారతహళ్ళి సభ్యురాలు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మన దేశంలో గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే పని మొదలుపెట్టవచ్చు. అమెరికాలో అలా కాదు. అక్కడ స్పీచ్ థెరపిస్టుల అర్హత పరీక్ష అయిన ప్రాక్సిస్‌లో 150 నిమిషాల్లో 132 ప్రశ్నలకు జవాబులు గుర్తించి, 100 నుంచి 200 వరకు ఉండే కొలమానంపై కనీసం 162 తెచ్చుకోవాలి. ఆ పరీక్ష గట్టెక్కిన మా సీనియర్ ఒకరు, "మూడు నెలల పాటు తెలుగు పిల్లలను మరిచిపో, పుస్తకంలోని ఇంగ్లిషు పిల్లవాణ్ణి మాత్రమే తలలో పెట్టుకో" అని నాకు గట్టిగా చెప్పారు. నేనేమో పగలంతా తెలుగు రోగులను చూసి, రాత్రి పది దాటాక పుస్తకం తెరుస్తాను. ఆ సలహా సరైనదేనా?

బనశంకరి సభ్యుడు:

మీ సీనియర్ చెప్పినది నూటికి నూరు పాళ్ళూ నిజమండీ. నేను మొదటిసారి 158 దగ్గర ఆగిపోయాను. కారణం చదవకపోవడం కాదు, ప్రతి ప్రశ్నలోనూ నా క్లినిక్కే కనబడడం. ఒక నమూనా ప్రశ్న చెబుతాను. రెండేళ్ళ ఎనిమిది నెలల బిడ్డకు సేవలు అవసరమని తేలింది, ఇప్పుడు ఏ ప్రణాళిక రాయాలి? బిడ్డ వచ్చే ఏడు బడికి వెళ్తుంది కదా అని నేను ఐఈపీ, అంటే బడి పిల్లలకు రాసే విద్యా ప్రణాళిక, గుర్తించాను. అమెరికా చట్టం ప్రకారం మూడేళ్ళు నిండేవరకు రాయవలసింది ఐఎఫ్ఎస్పీ, అంటే కుటుంబాన్ని కేంద్రంగా పెట్టుకున్న ప్రణాళిక. ఇది మన రోగులు నేర్పే విషయం కాదు. రెండోసారి నేను తెలుగును పూర్తిగా మూసిపెట్టి చదివాను, ఉత్తీర్ణుణ్ణి అయ్యాను.

జయనగర్ సభ్యురాలు:

అమ్మా, నేను ఈ వృత్తిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను, ఈ పరీక్షకు వెళ్ళే పిల్లలను కొందరిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాను. నా అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నం. బనశంకరి సభ్యుడు చెప్పిన ఉదాహరణలో తప్పు లేదు, కాని అది చట్టానికి సంబంధించిన ప్రశ్న. పరాయి దేశపు చట్టాన్ని ఎవరైనా కంఠతా పట్టవలసిందే. పరీక్ష మాత్రం మూడు సమాన భాగాలుగా ఉంటుంది: పునాదులూ వృత్తి ధర్మమూ ఒకటి, పరీక్షించి నిర్ధారించడం ఒకటి, చికిత్సను రూపొందించి నడిపించడం ఒకటి. అంటే మూడింట రెండు వంతులు రోగి ఎదుట కూర్చున్నప్పుడు మనం ఎలా ఆలోచిస్తామన్నదే.

కిందటి నెలలో నా దగ్గరకు నాలుగేళ్ళ బాబును తీసుకొచ్చారు. ఇంట్లో అనంతపురం తెలుగు, చూసుకునే ఆయాతో కన్నడం, బడిలో ఇంగ్లిషు. మాటల్లో లోపం ఉందని బడివారు చీటీ రాసి పంపారు. పళ్ళెం చూపిస్తే కన్నడంలో భోజనమనే మాట కలిపి "నాకు ఊట వద్దు" అన్నాడు. ఇంగ్లిషులో బొమ్మలు చూపిస్తే బస్‌ను "బస్సు" అనీ, బుక్‌ను "బుక్కు" అనీ చివర అచ్చు చేర్చి పలికాడు. తర్వాత నేను బొమ్మలన్నీ తీసేసి, నిన్న రాత్రి వాళ్ళ ఇంట్లో ఏం జరిగిందో తెలుగులో చెప్పమన్నాను. కరెంటు పోవడం, తాత టార్చి వెతకడం, పిల్లి పాలు తాగేయడం, ఒకటి తర్వాత ఒకటిగా, క్రియల చివరలు ఎక్కడా జారకుండా చెప్పాడు. ఆ బాబుకు ఉన్నది తేడాయే తప్ప రుగ్మత కాదు. నిజమైన భాషా రుగ్మత ఉంటే అది బిడ్డ మాట్లాడే భాషలన్నిటిలోనూ బయటపడుతుంది, ఒక్క ఇంగ్లిషులో మాత్రమే కనబడదు. ప్రాక్సిస్‌కు చదివే ప్రతి ఒక్కరూ ఈ సూత్రాన్ని నేర్చుకోవలసిందే. ఇంగ్లిషు ఉచ్చారణ దోషాల పట్టికను మాత్రమే బట్టీ పట్టినవారు ఆ "బుక్కు"ను దోషాల ఖాతాలో వేసేస్తారు. మన పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయని తెలిసిన మీరు వేయరు.

మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లో వివరించిన, ఇంగ్లిషు పిల్లలు పదాంశాలను, అంటే మాటలోని అర్థమున్న అతి చిన్న ముక్కలను, నేర్చుకునే క్రమం విషయంలోనూ నేను ఇదే మాట అంటాను. ఆ పద్నాలుగింటినీ గుర్తుపెట్టుకోక తప్పదు. అయితే అక్కడ పదాలను కాక పదాంశాలను ఎందుకు లెక్కిస్తారో మనకు అర్థమైనంత సులభంగా మరెవరికి అర్థమవుతుంది? "వచ్చాడు" అన్న ఒక్క మాటలో వచ్చే పని, జరిగిపోయిన కాలం, చేసినది ఒక మగవాడన్న సంగతి, అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆ ఒక్క మాటను పలకమీద విడగొట్టి చూపిస్తే, వారం రోజులుగా ఆ అధ్యాయం దగ్గర ఆగిపోయిన అమ్మాయి పది నిమిషాల్లో అందుకుంది.

ఇక మన పనిలోనే భాగమైన మింగడంలో ఇబ్బందుల గురించి. అందరూ తేలికగా తీసుకుని చివరికి ఇబ్బందిపడేది అక్కడే. ద్రవాల చిక్కదనాన్ని కొలిచే అంతర్జాతీయ పద్ధతి అయిన ఇడ్సీ అంచెలను కాగితం మీద చదివితే ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకోండి, దాని కొలత గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. కింది మూతిని వేలితో మూసి, పైనుంచి 10 గీత దాకా రాగి జావ పోసి, వేలు తీసి సరిగ్గా పది సెకన్లకు మళ్ళీ మూయండి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే ఒకటో అంచె, 4 నుంచి 8 మిగిలితే రెండోది, 8 దాటినా కొంతైనా కారితే మూడోది. మన పేషెంట్లు తాగేది జావా, మజ్జిగా. వాటిమీద ఒక్కసారి కొలిచినవారు ఈ అంకెలను మరిచిపోలేరు.

బనశంకరి సభ్యుడు:

మేడమ్, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కాని ఒక్కొక్క ప్రశ్నకు దక్కేది సుమారు 68 సెకన్లు. మీ దగ్గరకు వచ్చిన బాబు తాత టార్చి కథ చెప్పడానికే అంతకు మించి పట్టి ఉంటుంది. ఇంగ్లిషు బిడ్డ క్రియకు "ఇంగ్" ఎప్పుడు చేరుస్తాడని అడిగినప్పుడు నా తలలో "వస్తున్నాడు" మెదిలితే అది నన్ను తప్పుదారి పట్టిస్తుంది. నాకు అలాగే జరిగింది. రెండు భాషల వయసుల లెక్కలను ఒకే తలలో పెట్టుకుని తడబడకుండా ఉండడం అందరికీ సాధ్యం కాదు.

జయనగర్ సభ్యురాలు:

వయసుల లెక్కల విషయంలో మీరు చెప్పినది నేను ఒప్పుకుంటున్నాను. నా దగ్గర చదివినవారిలో ఇద్దరు అలాగే తడబడ్డారు. అప్పటినుంచి ఇంగ్లిషు పిల్లల వయసులు, అమెరికా చట్టాలు, అక్కడి వృత్తి నియమాలు, ఈ మూడింటికీ వేరే నోటుబుక్కు పెట్టిస్తున్నాను. అందులో తెలుగు ఉదాహరణ ఒక్కటీ రాయనివ్వను. ఆఖరి మూడు వారాలు గడియారం ముందు పెట్టుకుని నమూనా ప్రశ్నలు చేయిస్తాను. కాని ఆ నోటుబుక్కులో పట్టనిదంతా ఎక్కడినుంచి వస్తుంది? పక్షవాతం వచ్చిన మనిషి మనం చెప్పినది అర్థం చేసుకుంటూ మాట తేలేక సతమతమవుతున్నాడా, లేక ధారాళంగా మాట్లాడుతున్నా అందులో అర్థం లేదా, అన్న తేడాను ఈ అమ్మాయి నాలుగేళ్ళుగా తెలుగులో వింటూ ఉంది. ఆ రెండు రకాల మాట లోపాలకు ఉన్న బ్రోకా, వెర్నికె పేర్లు ఆమెకు ఆ మనుషుల గొంతులతోనే గుర్తుండాలి. రాత్రి పదింటికి అలసిపోయి పుస్తకం తెరిచే మనిషి దగ్గరనుంచి పగలంతా సంపాదించిన చదువును తీసేసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మారతహళ్ళి సభ్యురాలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వేరే నోటుబుక్కు ఈ రోజే మొదలుపెట్టాను, మొదటి పుటలో ఐఎఫ్ఎస్పీ రాసుకున్నాను. రాత్రి వంటింట్లో జావ కూడా కొలిచాను. పొయ్యిమీదనుంచి దించి, తాగే వేడికి వచ్చాక పోస్తే సిరంజిలో 6 మిల్లీలీటర్లు మిగిలింది, అంటే రెండో అంచె. అదే గిన్నెలోది అరగంట చల్లారాక పోస్తే 9 మిగిలింది. తాగించే వేడిలోనే కొలవాలని పుస్తకంలో నాలుగుసార్లు చదివాను, ఎందుకో మాత్రం ఇప్పుడే తెలిసింది. రెండో అంచె రాసిచ్చిన ఒక పెద్దావిడకు వాళ్ళ అబ్బాయి పొద్దున కాచిన జావనే సాయంత్రం దాకా ఇస్తున్నాడు. రేపు ఓపీ మొదలవకముందే ఆయనకు ఫోన్ చేస్తాను.