అప్‌డేట్: 'లుకింగ్ ఫార్వర్డ్ టు' తర్వాత 'మీట్' కాదు, 'మీటింగే'

మొన్న అడిగాను కదా, ఉద్యోగం మెయిల్ చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని రాయాలా, 'టు మీటింగ్ యూ' అనా అని. రెండోదే కరెక్ట్. 'వాంట్ టు గో' అలవాటుతో 'టు' కనిపించగానే మామూలు క్రియ పెట్టేస్తున్నాను. ఇక్కడి 'టు' ప్రిపోజిషన్, తర్వాత నామవాచకంలాంటిదే రావాలి.

మీలో ఒకరు చెప్పిన చిట్కా భలే పనిచేసింది: ఆ చోట 'ఇట్' పెట్టి చూడటం. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' కుదురుతుంది, 'వాంట్ టు ఇట్' కుదరదు.

'యూజ్డ్ టు' దగ్గర మాత్రం ఇంకా తికమకే. 'ఐ యూజ్డ్ టు డ్రైవ్' అంటే ఒకప్పుడు నడిపేవాణ్ణి. 'ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్' అంటే నడపడం నాకు అలవాటే.

అన్నట్టు, మీ జవాబులు చూసేలోపే మెయిల్ తప్పుతోనే వెళ్లిపోయింది. అయినా ఇంటర్వ్యూకి పిలిచారు!