ఉబుంటులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ రీడ్ ఓన్లీ అయిపోయింది, విండోస్‌లో మాత్రం బాగానే ఉంది

ప్రశ్న:
నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు రెండూ ఉన్నాయి. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే) ఫార్మాట్, అక్క పెళ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ అందులోనే, ఇంకో కాపీ లేదు. ఇన్నాళ్లూ ఉబుంటులో కూడా ఫైళ్లు వేసుకునేదాన్ని, ఈమధ్య పేస్ట్ ఆప్షనే రావట్లేదు, టెర్మినల్‌లో ప్రయత్నిస్తే రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్ అంటోంది. బావ మ్యాక్‌బుక్‌కి పెట్టి చూశాం, అక్కడా ఫొటోలు తెరుచుకుంటున్నాయి గానీ కొత్తవి ఎక్కట్లేదు. రెండు చోట్లా ఇదే గోల కాబట్టి డిస్క్ పోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన సీహెచ్‌మోడ్ 777 (ఫైళ్ల పర్మిషన్లు మార్చే కమాండ్) కొట్టమన్నాడు, కొట్టాను, ఏం మారలేదు. ఫార్మాట్ చేయక తప్పదా?

జవాబు 1:
ఫార్మాట్ జోలికి పోకండి. మ్యాక్‌ది వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకండి. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది, అదనంగా సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప రాయదు, ఇవాళ కొన్న కొత్త డిస్క్ పెట్టినా అంతే.

ఉబుంటులో మాత్రం నా అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీద. విండోస్ 8 నుంచి ఇది ఉంది, షట్ డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది, ఆ టైమ్‌కి మీ డిస్క్ తగిలించే ఉంటే దాన్ని కూడా ఇంకా వాడుతున్నట్టే వదిలేస్తుంది. ఉబుంటు అది చూసి, విండోస్ పని ఇంకా మిగిలే ఉంది, ఇప్పుడు రాస్తే డేటా పాడవుతుందని రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తుంది, అంటే చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఎజెక్ట్ చేయకుండా పీకేసినా దాదాపు ఇదే జరుగుతుంది. మౌంటే రీడ్ ఓన్లీ అయ్యాక 777 కాదు కదా ఏం కొట్టినా లాభం లేదు, అది పర్మిషన్ల సమస్య కానే కాదు.

విండోస్‌లోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ల సెట్టింగ్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. తర్వాత డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, చెక్. అది అయ్యాక ఎజెక్ట్ చేసి, అప్పుడు ఉబుంటులో పెట్టి చూడండి.

జవాబు 2:
ఇంత తిరగడం ఎందుకండీ, ఉబుంటులోనే అన్‌మౌంట్ చేసి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే రిపేర్ కమాండ్ నడిపితే అయిపోతుంది, నేనెప్పుడూ అదే చేస్తా.

జవాబు 3:
అవతల ఇంకో కాపీ లేదంటున్నారు, అలాంటి డిస్క్ మీద దాన్ని ముందే వాడమనడం నాకైతే నచ్చలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ చిన్నచిన్నవి సరిచేసి, మిగతాది విండోస్ వచ్చేసారి చూసుకునేలా గుర్తు పెడుతుంది, అంతే, అది విండోస్ చెక్‌డిస్క్‌కి (పైన చెప్పిన చెక్‌కి) బదులు కాదు. విండోస్ చేతిలోనే ఉన్నప్పుడు అక్కడ చెక్ చేయించడమే మంచిది.

అన్నిటికంటే ముందు, చదవగలుగుతున్నారు కాబట్టి ఈరోజే ఫొటోలు ఇంకోచోటికి కాపీ చేసేయండి, రిపేర్లన్నీ ఆ తర్వాతే. కాపీ మధ్యలో ఆగిపోయినా, డిస్క్ టక్ టక్‌మన్నా, డీమెసేజ్‌లో (సిస్టమ్ సందేశాలు చూపించే కమాండ్) ఐఓ ఎర్రర్లు, అంటే చదవడం, రాయడంలో తప్పులు కనిపించినా అప్పుడు నిజంగా భయపడాలి. ముందు కేబుల్, పోర్టు మార్చి చూడండి, యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. ఉబుంటు డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, వస్తుంది (కొన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్లు దాన్ని పంపవు), అందులో 5, 197 అనే రెండు నంబర్ల వరుసలు చూడండి, రీఅలొకేటెడ్ (పాడై వేరేచోటికి మార్చినవి), పెండింగ్ (పాడయ్యాయేమోనని అనుమానం ఉన్నవి) సెక్టార్లు అవే. రా (raw) విలువ సున్నా అయితే సరే, పెరుగుతూ పోతుంటే కొత్త డిస్క్ కొనుక్కోవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
ముందు ఫొటోలన్నీ ఆఫీస్ ఫ్రెండ్ డిస్క్‌లోకి కాపీ చేశాను, ఎక్కడా ఆగలేదు. 5, 197 రెండూ సున్నానే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లోనే ఉంది, తీసేసి చెక్ పెడితే ఏవో ఎర్రర్లు సరిచేశానంది, ఇప్పుడు ఉబుంటులో రాస్తోంది 🙏 బావ మ్యాక్‌లో కూడా రాయాలంటే?

జవాబు 1:
దానికి మాత్రం ఫార్మాట్ కావాలి, ఎక్స్‌ఫ్యాట్‌కి. కాపీ చేసుకున్నారు కాబట్టి పర్లేదు, కానీ ఆ కాపీలో నాలుగు వీడియోలు తెరిచి చూసుకున్నాకే చెరపండి. ఫ్యాట్ 32 వద్దు, 4 జీబీ దాటిన ఫైల్ దాంట్లో పట్టదు, పెళ్లి వీడియో ఒక్కటే అంతకంటే పెద్దది ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్ మూడింట్లోనూ నడుస్తుంది, ఉబుంటు లోపలుండే లైనక్స్ కెర్నల్‌లోకి 5.4 వెర్షన్ నుంచే వచ్చేసింది. అయితే దానికి జర్నలింగ్ (మార్పులను ముందే నోట్ చేసుకునే పద్ధతి) లేదు, ఎజెక్ట్ చేయకుండా పీకితే ఎన్‌టీఎఫ్‌ఎస్ కంటే త్వరగా పాడవుతుంది, బావగారికి కూడా ఆ మాట చెప్పండి.